ఐదుకి ఆరు చుక్కలు

మొన్న కొవ్వూరు బస్టాండు దగ్గర ఒక హోటల్లో టిఫిన్ చేస్తున్నాను. గోడకి పెద్ద టీవీ. అందులో పాత సినిమా. హీరోయిన్ చెంపలు రెండు పక్కలా పట్టుకుని లాగినట్టున్నాయి. హీరో అయితే చొక్కాలో పట్టడం లేదు. పాత సినిమా బొమ్మకి వెడల్పు తక్కువ, కొత్త టీవీకి వెడల్పు ఎక్కువ. పక్కల నల్లగా ఖాళీ ఎందుకు వదలాలని ఎవరో బొమ్మని సాగదీసి తెరంతా నింపేశారు. హోటలు నిండా జనం. అందరూ చూస్తూనే తింటున్నారు. ఒక్కరికీ ఏమీ అనిపించినట్టు లేదు.

నా చెయ్యి మాత్రం ఇడ్లీ మీద ఆగిపోయింది. ఆయనుంటే ఈపాటికి కుర్చీ ఎక్కి ఉండేవారు.

ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పేరు రాయను. రాస్తే ఇంట్లోవాళ్ళు ఏమీ అనుకోరు గాని, ఆయనకే నచ్చదు. ఆయన పేరులో ఒక సున్నా ఉంది. అచ్చులో అది గుండ్రంగా పడుతుందని నేను హామీ ఇవ్వలేను.

ఎనభైల చివరి మాట ఇది. పురోహితుడు ఆలస్యంగా వచ్చినా ఓర్చుకునేవారు గాని, వీడియో ఆయన రాకపోతే పెళ్ళి ఆపేసే రోజులు. రాజమండ్రిలో వీధివీధికీ కేబులు కొత్తగా పడుతోంది. అప్పుడు నేను ఒక మిషన్ స్కూల్లో డ్రాయింగు టీచర్ని. బడి వదిలాక సాయంత్రాలు ఆయన వీడియో షాపుకి వెళ్ళి పెళ్ళి క్యాసెట్లకి టైటిల్సు వేసేదాన్ని. పూలతీగల మధ్య పెళ్ళికొడుకు పేరు, పెళ్ళికూతురి పేరు, మూలకి రెండు చిలకలు. మొదట్లో అట్ట మీద రంగులతో రాసిస్తే కెమెరా పెట్టి తీసేవారు. తర్వాత ఆయన కంప్యూటరు తెచ్చారు.

ఆయనది మెయిన్ రోడ్డులో పేరున్న బట్టల వ్యాపారుల కుటుంబం. అన్నదమ్ములందరూ కొట్లో కూర్చుంటే ఈయన్ని మాత్రం కూర్చోనివ్వలేదు. గజం బద్ద సరిగ్గా లేదని కొనడానికి వచ్చినవాళ్ళ ముందే అనేవారట. అది ఎక్కువ కొలుస్తోందా, తక్కువ కొలుస్తోందా అని నేనోసారి అడిగాను.

"ఏదైతేనేంటి టీచరుగారూ, తేడా తేడాయే కదండీ?" అన్నారు.

అన్నలు ఆలోచించి ఈయనకి విడిగా వీడియో షాపు పెట్టించారు. కొట్టుకి రెండు వీధుల అవతల, మాట వినపడనంత దూరంలో.

కంప్యూటరు కాకినాడ పోర్టులో తెలిసినవాళ్ళ ద్వారా వచ్చింది. ఓడలో పనిచేసే ఒకాయన ఏదో దేశంలో కొని, వాడటం రాక అమ్మేశాడు. కీబోర్డు లోపలే మిషనంతా ఉండేది. దానికంటూ తెర లేదు, మామూలు టీవీకే తగిలించాలి. దాంతో పూలు గీయవచ్చు, అక్షరాలు ఎగరేయవచ్చు. కెమెరా ముందు ఫోటో పెడితే దాన్ని చుక్కలు చుక్కలుగా లోపలికి లాక్కుని మళ్ళీ తెర మీద చూపించేది. మొదటి రోజు ఆయన దాన్ని ఒక వృత్తం గీయమన్నారు. గీసింది. ఆయన అటు తిరిగి చూశారు, ఇటు తిరిగి చూశారు. షాపు వెనకే ఇల్లు. లోపలికి కేకేశారు.

"ఏమేవ్, నీ గాజొకటి ఇలా ఇవ్వు."

వాళ్ళావిడ పిండి చేత్తోనే గాజు తీసి ఇచ్చి, ఎందుకని కూడా అడక్కుండా వెళ్ళిపోయారు. ఆయన గాజుని తెరకి ఆనించారు. లోపలి బొమ్మ గాజుకి పక్కల నుంచి బయటికి పొంగింది, పైనా కిందా లోపలికి పోయింది. ఎవరో పైనుంచి అరిచేత్తో నొక్కినట్టుంది.

"కోడిగుడ్డు," అన్నారాయన. బూతు మాట అన్నట్టు అన్నారు.

కారణం కనుక్కోవడానికి చాలా రోజులు పట్టింది. కనుక్కున్నాక ఇక ఎవర్నీ వదల్లేదు. నాకు చెప్పారు, కేబులు ఆయనకి చెప్పారు, ఎదురింటి టైలరుకి చెప్పారు, పాలు పోసే ఆవిడ్ని గుమ్మంలో నిలబెట్టి చెప్పారు. సుద్దముక్కతో గచ్చు మీద ముగ్గు చుక్కలు పెట్టేవారు.

"టీవీలో బొమ్మంటే ఏంటండీ? వరసలు వరసలుగా చుక్కలు. ఈ మిషను పుట్టిన దేశంలో టీవీకి వరసలు తక్కువ. తక్కువ వరసలతో తెరంతా నిండాలంటే ఒక్కో చుక్క పొడుగ్గా ఉండాలా లేదా? ఆ పొడుగు చుక్కల లెక్కలో వాళ్ళు వృత్తం గీయడం నేర్పారు దీనికి. మన టీవీకి వరసలు ఎక్కువ. అంటే మన చుక్క పొట్టి. వాళ్ళు పెట్టినన్ని చుక్కలే మనమూ పెడితే ఏమవుతుందండీ? చతికిలబడుతుంది. అందుకని నిలువునా వాళ్ళు ఐదు చుక్కలు పెట్టినచోట మనం ఆరు పెట్టాలి. ఐదుకి ఆరు. అంతే!"

పాలావిడ, "అలాగేనండి బాబూ, రేపట్నుంచి అలాగే పోస్తాను," అని వెళ్ళిపోయింది.

ఐదుకి ఆరు అనేది అలా ఆయన ఊతపదమైపోయింది. చొక్కా పొట్టిదైతే టైలరుతో, "ఐదుకి ఆరు వెయ్యాల్సిందండీ," అనేవారు. పక్కవీధి పాప పొడుగు ఎదగడం లేదని వాళ్ళమ్మ దిగులు పడితే, "కంగారు పడకండమ్మా, ఐదుకి ఆరు పడుతుంది," అని ధైర్యం చెప్పేవారు. కేబులు ఆయనా, టైలరూ కలిసి ఆయనకి ఆ పేరే పెట్టారు. వెనకాల అనుకునేవారు. ఆయనకి తెలుసనీ, తెలిసి సంతోషించేవారనీ నా అనుమానం.

మా వైపు మాటకి అండి చేర్చడం మామూలే. ఆయన దగ్గర మాత్రం అది కోపానికి మీటరు. మామూలుగా వాక్యానికి ఒక అండి. కాస్త చిరాకు వస్తే రెండు. నిజంగా కోపం వస్తే ప్రతి మాటకీ ఒకటి. గొంతు పెరిగేది కాదు, ముఖం ఎర్రబడేది కాదు. మర్యాద పెరిగేది. అది చూసి కొత్తవాళ్ళు ఆహా ఎంత పెద్దమనిషి అనుకునేవారు. మేం మాత్రం పక్కగదిలోకి వెళ్ళిపోయేవాళ్ళం.

ఒక నగల కొట్టు యజమాని కేబుల్లో ప్రకటన చేయించుకున్నాడు. గుండ్రటి కాసు, దాని మధ్యలో కొట్టు పేరు. ముందు ఒక నమూనా చేశాం, అప్పటికింకా ఈ ఐదుకి ఆరు కనుక్కోలేదు. తర్వాత సరిచేసి మళ్ళీ చూపించాం. యజమాని రెండోదాన్ని చూసి పెదవి విరిచాడు.

"ముందుదే బావుందండీ. వెడల్పుగా, నిండుగా ఉంది. ఇది చిక్కిపోయింది."

"అదండీ గుడ్డండీ. మీరండీ అమ్మేదండీ బంగారమండీ. గుడ్లు కాదండీ," అన్నారాయన.

నగల కొట్టాయన ఆ మర్యాదకి పొంగిపోయి నమస్కారం పెట్టి, ఆ ప్రకటన పట్టుకెళ్ళి ఇంకో షాపులో చేయించుకున్నాడు. అక్కడ గుడ్డు గుడ్డుగానే వచ్చింది. ఏడాది పొడుగునా ఊరంతా చూసింది. ఆ ప్రకటన వచ్చినప్పుడల్లా ఈయన లేచి పెరట్లోకి వెళ్ళేవారు.

వృత్తాన్ని మిషన్లో సరిచేస్తే సరిపోయేది కాదు. ఊళ్ళో ఒక్కో టీవీ ఒక్కో తీరుగా ఉండేది. ఒకరింట్లో అందరూ సన్నగా కనిపించేవారు, ఇంకొకరింట్లో లావుగా. అప్పటి టీవీల వెనకాల బొమ్మ ఎత్తుని సరిచేసే చిన్న మర ఉండేది. ఆయన జేబులో పెన్నుతోపాటు ఒక సన్నటి స్క్రూడ్రైవరు కూడా ఉండేది. పేరంటానికి భార్యని దిగబెట్టడానికి వెళ్ళినా, పరామర్శకి వెళ్ళినా, కాఫీ వచ్చేలోపు ఆయన టీవీ వెనక్కి చేరేవారు. ఆ ఇంటివాళ్ళు బాగా అలవాటు పడ్డ ముఖాలన్నీ ఒక్కసారిగా మారిపోయేవి. "వార్తలు చదివే అమ్మాయి చిక్కిందేంటండీ?" అని మర్నాడు మమ్మల్ని అడిగేవారు. కొన్నాళ్ళకి ఆయన వీధిలోకి వస్తున్నారంటే టీవీ పెట్టె తలుపులు మూసి తాళం వేసుకోవడం మొదలుపెట్టారు.

"పెళ్ళిచూపుల్లో కూడా నా ముఖం చూడలేదమ్మా. ఎదురుగా ఫలహారం పళ్ళెం అంచు వంకరగా ఉందని దాన్నే చూస్తూ కూర్చున్నారు," అని వాళ్ళావిడ ఒకసారి నాతో అన్నారు. ఆవిడకి అది ఫిర్యాదు కాదు, వాతావరణం చెప్పినట్టు చెప్పేవారు.

ఇలాంటి మనిషి దగ్గరికి కొవ్వూరు నుంచి ఒక తల్లీ కొడుకూ వచ్చారు.

కొడుకు రైసుమిల్లు చూసుకుంటున్నాడు. తండ్రి పోయి ఏడాది కావస్తోంది. సంవత్సరీకం రోజున కొవ్వూరు కేబుల్లో వేయించడానికి చిన్న క్యాసెట్ కావాలి. ఆయన ఫోటో, పక్కన వెలిగే దీపం, కింద నివాళి మాటలు. పాత ఫోటోలన్నీ గుంపులో నిలబడి తీయించుకున్నవి, ముఖం గింజంత ఉంది. దగ్గరగా తీసింది ఒక్కటే ఉంది. జబ్బు పడ్డాక ఆసుపత్రి కాగితాల కోసం తీయించింది. అందులో మనిషి బాగా చిక్కిపోయి ఉన్నాడు. నుదుట కుంకుమ బొట్టు మాత్రం నిండుగా ఉంది.

మా షాపు ఆయనకి ఒక సరదా ఉండేది. ఎవరికి ఏ బొమ్మ చూపించినా ముందు తప్పు చూపించి, తర్వాత ఒప్పు చూపించేవారు. అందులో ఆయనకి గారడీవాడి సంతోషం. ఆ రోజు కూడా అలాగే మొదలుపెట్టారు. ఫోటోని కెమెరా ముందు పెట్టారు. తెర మీద బొమ్మ పైనుంచి కిందికి గీత గీతగా దిగింది. మిషను దాని అలవాటు ప్రకారం ముఖాన్ని వెడల్పు చేసింది. గుంటలు పడ్డ చెంపలు పూడుకున్నాయి. మెడ బలంగా అయింది. జబ్బు మనిషి పోయి మిల్లు యజమాని వచ్చి కూర్చున్నాడు.

తల్లి కుర్చీలోంచి సగం లేచింది.

"ఇదిగోరా. ఇదిరా మీ నాన్న," అంది కొడుకుతో.

"ఆగండమ్మా, ఇది తప్పు. ఇప్పుడు చూడండి," అని ఆయన మీట నొక్కారు. ఐదుకి ఆరు పడింది. చెంపలు మళ్ళీ లోపలికి పోయాయి. ఎముకలు బయటపడ్డాయి. ఆయన గర్వంగా మావైపు తిరిగారు.

ఆవిడ మెల్లగా కూర్చుంది.

"ముందుదే ఉంచండి బాబూ."

"అది నిజం కాదమ్మా. మిషను పొరపాటండీ అది. ఆ దేశంలో చుక్క పొడుగు, మన దేశంలో..." అని ఆయన సుద్దముక్క కోసం జేబు తడుముకున్నారు.

"ఈ ముఖం నేను చూశానండీ," అంది ఆవిడ రెండో బొమ్మకేసి చూపించి. "ఆఖర్న మంచం పక్కన కూర్చుని రోజూ నేనే చూశాను. ఇలా అయిపోయానని ఆయన ఎవర్నీ గదిలోకి రానిచ్చేవారు కాదు. మిల్లులో వాళ్ళొస్తే తలుపు వేయించేవారు. ఇప్పుడు మీరు ఊరంతటికీ తలుపు తీస్తారా?"

ఆయన సుద్దముక్క జేబులోనే ఉండిపోయింది.

"అమ్మ చెప్పినట్టే కానివ్వండి," అన్నాడు కొడుకు.

"రేపు చూద్దామమ్మా," అన్నారాయన. ఒక్క అండి కూడా లేదు ఆ మాటలో. నాకదే వింతగా అనిపించింది.

వాళ్ళు వెళ్ళాక ఆయన రెండు బొమ్మల్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నారు. లావు, సన్నం. లావు, సన్నం. "తప్పని తెలిసి తప్పు ఎలా పంపిస్తాం టీచరుగారూ? తెలియక పంపిస్తే అది వేరు," అన్నారు. బడిలో పిల్లలు గీసిన బొమ్మల్లో అమ్మ ఇంటికంటే పొడుగ్గా ఉన్నా మార్కులు వేసే ఉద్యోగం నాది.

వాళ్ళావిడ కాఫీ తెచ్చి తెర వంక చూశారు. "మీరు పోతే ఏ బొమ్మ పెట్టాలో ఇప్పుడే చెప్పెయ్యండి. తర్వాత ఎవర్ని అడుగుతాను?" అన్నారు. ఆయన కాఫీ తాగలేదు.

మర్నాడు సాయంత్రం నేను వెళ్ళేసరికి బొమ్మ సిద్ధంగా ఉంది. వెడల్పు ముఖమే ఉంది. ఆవిడ అడిగిందే. కానీ ఎక్కడో ఏదో తేడాగా ఉంది. దగ్గరికెళ్ళి చూశాను. ముఖం పక్కలకి సాగినప్పుడు బొట్టు కూడా సాగి కోడిగుడ్డు అయింది కదా, ఆయన దాన్ని చెరిపేసి, ఒక్కో చుక్కే పెట్టుకుంటూ మళ్ళీ దిద్దారు. గుండ్రంగా, కాసులాగా. చొక్కా గుండీలు కూడా. దీపం కింద ప్రమిదని కూడా వదల్లేదు.

నేను చూసిన సంగతి ఆయన చూశారు.

"ముఖం వాళ్ళదండీ," అన్నారు. "బొట్టు నాది."

క్యాసెట్ గోదావరి దాటి వెళ్ళింది. సంవత్సరీకం రోజున కొవ్వూరు కేబుల్లో పొద్దుటా సాయంత్రం వేశారు. మిల్లులో బస్తాలు మోసేవాళ్ళు టీవీ ఉన్న ఇళ్ళ అరుగుల మీద నిలబడి చూశారట. కొడుకు వచ్చి చెప్పాడు, "అందరూ ఒకటే మాటండీ. బాబుగారు అచ్చం ఇలాగే ఉండేవారు, ఎదురుగా కూర్చున్నట్టే ఉంది అని. మీ చేతిలో ఏదో ఉందండీ." ఆయన ఆ పొగడ్తని పంటి నొప్పి భరించినట్టు భరించారు. బొట్టు గురించి ఎవరైనా అన్నారా అని అడిగారు. ఎవరూ ఏమీ అనలేదన్నాడు కొడుకు.

దాంతో ఆయన మారిపోయారని కాదు. ఆ వారంలోనే ఒక పెళ్ళి క్యాసెట్లో బంతిపూలు సొట్టగా ఉన్నాయని పెళ్ళివారితో మాటకో అండి చొప్పున పోట్లాడి, పూలన్నీ మళ్ళీ నాచేత వేయించారు.

తర్వాత చాలా కాలానికి, గోదావరికి ఎర్రనీళ్ళు వచ్చిన రోజుల్లో, వానకి బడి మూసేస్తే నేను మధ్యాహ్నమే షాపుకి వెళ్ళాను. బేరాలేమీ లేవు. గుమ్మంలో ఒక ఆవిడ గొడుగు ముడుస్తోంది. కొవ్వూరు ఆవిడ. ఈసారి కొడుకు లేడు. ఒక్కతే బస్సెక్కి వంతెన దాటి వచ్చింది.

ఆయన గభాలున లేచి కుర్చీ వేశారు. క్యాసెట్ పాడైందేమో అనుకున్నాం.

"క్యాసెట్ బావుంది బాబూ," అంది ఆవిడ తడి చెంగు పిండుకుంటూ. "ఆ రోజు రెండోది చూపించారే... అది ఉందా?"

ఆయన నా వంక చూశారు. ఉంచలేదు. అది ఉన్న ఫ్లాపీ మీద ఎన్నో పెళ్ళిళ్ళ చిలకలు ఎక్కేశాయి.

"ఫోటో తెచ్చాను," అని ఆవిడ చేతిసంచిలోంచి జేబురుమాలు తీసి మడత విప్పింది. "ఇంట్లో తీసి చూస్తూనే ఉంటాను. చిన్నది కదా, నా కళ్ళకి ఆనడం లేదు. ఆ రోజు ఇక్కడ పెద్దగా కనిపించారు. అప్పుడు చూడలేకపోయాను. ఇప్పుడు చూస్తాను."

ఆయన మారు మాట్లాడకుండా ఫోటో అందుకున్నారు. మిషను పెట్టారు. ముందు తప్పు చూపించే ముచ్చట ఆ రోజు పెట్టుకోలేదు. టీవీని తనవైపు తిప్పుకుని, అంతా సరిచేసి, నిలువు కొలిచి, అడ్డం కొలిచి, తృప్తిపడ్డాకే ఆవిడ వైపు తిప్పారు.

ఆవిడ కళ్ళజోడు పెట్టుకుంది. దగ్గరికి జరిగింది. వాళ్ళావిడ లోపల్నుంచి వచ్చి గుమ్మంలోనే ఆగిపోయారు. ఆ కొవ్వూరు ఆవిడ భర్త ముఖాన్ని నుదురు దగ్గర మొదలుపెట్టి కిందిదాకా, మళ్ళీ కింది నుంచి పైదాకా చూసింది. ఏడవలేదు. చివరికి తల అడ్డంగా ఊపింది.

"లేరండీ," అంది. "ఇంత సన్నగా అయితే లేరు."

అది అసలు ఫోటోకి వెంట్రుకవాసి తేడా లేని బొమ్మ. రాజమండ్రి మొత్తం మీద కొలతకి నిలబడే టీవీ అదొక్కటేనని ఎవరితోనైనా పందెం కాసే మనిషితో అంటోంది ఆవిడ. అండీలు మొదలవుతాయని ఎదురుచూశాను.

ఆయన చేతిలో ఫోటో వంక చూశారు. తెర వంక చూశారు. ఆవిడ వంక చూశారు.

"లేరమ్మా," అన్నారు. "మా టీవీలోనే ఏదో తేడా ఉంది. కొంచెం సన్నగా చూపిస్తోంది."

"అదీ, నేనూ అదే అనుకున్నాను," అంది ఆవిడ. భుజాలు తేలికపడ్డాయి. ఫోటోని మళ్ళీ జేబురుమాల్లో పెట్టి మడత వేసుకుంది. వాళ్ళావిడ ఇచ్చిన కాఫీ నింపాదిగా తాగి, వాన తగ్గాక గొడుగు తీసుకుని లేచింది. మెట్టు దిగబోతూ ఆగి, ఇంట్లో మనిషికి చెప్పినట్టు చెప్పింది.

"ఎవరైనా మంచి మెకానిక్కుకి చూపించండి బాబూ. పదిమందీ వచ్చే షాపు."

"చూపిస్తానండీ," అన్నారాయన.